మెత్తని ఉక్కు: దాని గుణములు, ఉపయోగములు



ఇనుముతో పని లేని దినము రైతునకు లేదు. ఉదయమున తలుపు గడియ తీసినది మొదలు రాత్రి బోరు మోటారు కట్టివేసి యిల్లు చేరు వఱకు మన చేయి ఏదో యొక యినుప వస్తువును తాకుచునే యుండును. అయినను "ఇనుము" అను ఒక్క మాటతో మనము నాలుగైదు వేఱు వేఱు లోహములను పిలుచుచున్నాము. విత్తనము కొనునపుడు "వడ్లు ఇమ్ము" అని మాత్రమే అడిగి యెవరును ఊరకుండరు. అది మొలగొలుకులా, వేఱొక రకమా, ఎన్ని దినముల పంట, ఏ నేలకు తగును, అని పది ప్రశ్నలు వేయుదురు. ఇనుము కొనునపుడు మాత్రము "కిలో యెంత?" అను ఒక్క ప్రశ్నతో బేరము ముగించుచున్నాము. దీనివలన రైతునకును, సంఘమునకును కలుగు నష్టము చిన్నది కాదు. ఈ నష్టమును నేను స్వయముగా అనుభవించినవాడను గావున ఆ సంగతితోనే యీ పాఠమును ఆరంభించుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట ఎడగారు దుక్కుల కాలమున నా ట్రాక్టరు గొఱ్ఱునకు కొత్త కఱ్ఱులు కావలసివచ్చెను. కాలువకు నీరు వదలు దినము దగ్గఱపడినది. ఎప్పుడును కొను కఱ్ఱుల కంటె చాల తక్కువ ధరకు, నల్లరంగు పూసి నిగనిగలాడు కఱ్ఱులు ఒక దుకాణమున కనబడగా సంతోషముతో ఒక జత కాదు, గొఱ్ఱు నిండుగ కొంటిని. రెండు మూడెకరములు దున్నునప్పటికే వాని మొనలు మొద్దువాఱినవి. గట్టినేల తగిలిన చోట రెండు కఱ్ఱులు పైకి వంగినవి. వానిని విప్పి, పాతవానిని వెదకి బిగించునప్పటికి రెండు దినములు గడచెను. ఆ రెండు దినములలో అద్దె ట్రాక్టరు మఱియొకరి పొలమునకు పోయెను.

మా ఊరి కమ్మరికి ఆ కఱ్ఱులను చూపి, "ఆచారీ, నాకు నకిలీ ఇనుము అంటగట్టినారు" అని మొఱపెట్టుకొంటిని. అతడు మాఱు పలుకక కొత్త కఱ్ఱునుండి వ్రేలెడు ముక్కను, అరిగిపోయిన పాత కఱ్ఱునుండి వ్రేలెడు ముక్కను కోసి, రెంటిని కొలిమిలో ఎఱ్ఱగా కాచి, ఒక్కసారి నీటిలో ముంచెను. పిమ్మట దాగలిపై నుంచి సుత్తితో కొట్టెను. పాత కఱ్ఱు ముక్క గాజువలె పుటుక్కున విఱిగెను. కొత్తది విఱుగలేదు. మైనపు వత్తివలె వంగి రెండు మడతలు పడెను.

"నకిలీ కాదయ్యా, ఇది మంచి ఎమ్మెస్సే. దీనితో గేటు చేయించియుంటే మీ మనుమల కాలము దాకా నిలుచును. కఱ్ఱుకు తెచ్చినారు, అదే తప్పు" అని అతడు చెప్పెను.

బజారులో ఎమ్మెస్ అని పిలువబడు ఆ లోహమే మైల్డు స్టీలు, అనగా మెత్తని ఉక్కు. దాని మెత్తదనము దోషము కాదు. అదియే దాని ముఖ్యగుణము. ఆ గుణము ఎచ్చట లాభము, ఎచ్చట నష్టము అని తెలిసికొనుటయే యీ పాఠము యొక్క ఉద్దేశము.

1. ఇనుములలోని భేదము

మనము ఇనుమని పిలుచు వానియందెల్ల ప్రధానలోహము ఒక్కటే. వానిని వేఱుపఱచునది ముఖ్యముగా అందు కలిసియున్న కర్బనము, అనగా బొగ్గునందుండు మూలపదార్థము. కూరలో ఉప్పువలె అది కొంచెమే యుండును. ఆ కొంచెములోని హెచ్చుతగ్గులే గుణమును మార్చివేయును.

నూటికి 0.05 మొదలు 0.25 పాళ్ల వఱకు కర్బనము గలది మెత్తని ఉక్కు. 0.3 మొదలు 0.6 వఱకు గలది మధ్యరకపు ఉక్కు. ఇరుసులు, యంత్రముల పండ్లచక్రములు దీనితో చేయుదురు. 0.6 మొదలు ఒకటిన్నర పాళ్ల వఱకు గలది గట్టి ఉక్కు. కత్తులు, ఉలులు, ఆకురాళ్లు, లారీ కమాను పట్టీలు దీనివి. రెండు పాళ్లకు మించి నాలుగు వఱకు కర్బనమున్నచో దానిని పోత ఇనుము అందురు. మన పంపుల దేహములు, చెఱకు గానుగల రోలర్లు పోత ఇనుమువి. అది బరువును మోయును గాని సమ్మెట దెబ్బకు పగులును.

పడుగుపాడు స్టేషను మీదుగా పోవు రైలుపట్టాను చూడుడు. అందు కర్బనము నూటికి 0.6 మొదలు 0.8 పాళ్ల వఱకు ఉండును. చక్రముల రాపిడికి అరుగకుండుటకే అట్లు చేయుదురు. ఆ పట్టాపై నడచు గూడ్సుపెట్టె యొక్క గోడలును, అడుగు చట్రమును మెత్తని రకములకు చెందిన ఉక్కుతో చేయబడునవి. ఏలయన వానిని వంచవలెను, అతుకవలెను, కుదుపులకు పగులకుండ నిలువవలెను. ఒకే బండిలో రెండు పనులకు రెండు ఉక్కులు వాడబడుట గమనింపదగినది.

గట్టి ఉక్కు మన తెలుగువారికి క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము కమ్మరులు మూసలలో ఇనుమును కరగించి అధిక కర్బనము గల ఉక్కుముద్దలను చేసెడివారు. వానిని కొనుటకు పారశీక దేశపు వర్తకులు అంతదూరము వచ్చెడివారు. అట్టి దక్షిణదేశపు ఉక్కుతోనే డమాస్కసు కత్తులని లోకప్రసిద్ధి గాంచిన ఖడ్గములు చేయబడినవి. ఆ కాలమున కష్టమైనది గట్టి ఉక్కును చేయుట కాదు. మెత్తని ఉక్కును వేల టన్నులుగా, చౌకగా చేయుటయే కష్టమైయుండెను.

2. మెత్తని ఉక్కు తయారగు విధము

ఖనిజమును, కోకుబొగ్గును, సున్నపురాతిని పెద్దకొలిమిలో వేసి వేడిగాలి ఊదినచో ద్రవరూపమున ఇనుము దిగును. బొగ్గుతో కలిసి కరగుటచేత దానిలో కర్బనము నూటికి సుమారు నాలుగు పాళ్లుండును. అది పెళుసు. ఆ కర్బనమును తీసివేసినగాని ఉక్కు కాదు. 1856వ సంవత్సరమున హెన్రీ బెస్సెమరు అను ఆంగ్లేయుడు కరగిన ఇనుములోనికి గాలిని బలముగా ఊదు పద్ధతిని ప్రకటించెను. గాలిలోని ప్రాణవాయువు కర్బనమును కాల్చివేయును. ఆ మంటయే లోహమును వేడిగా నుంచును. అందుచేత ప్రత్యేకముగా వంటచెఱకు అక్కఱలేదు. నేడు పెద్ద కర్మాగారములలో గాలికి బదులు స్వచ్ఛమైన ప్రాణవాయువునే ఊదుచున్నారు.

మన దేశమున జంషెడ్‌పూరులోని టాటా కర్మాగారమునుండి 1912లో ఉక్కు వెలువడెను. మన రాష్ట్రమునకు ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో గొప్ప యుద్యమము జరిగినది. 1971 జనవరి 20వ తేదీన విశాఖపట్టణమున శంకుస్థాపన జరుగగా, 1992 ఆగస్టు 1వ తేదీన ఆ కర్మాగారము జాతికి అంకితము చేయబడెను. కడ్డీలు, చుట్టతీగలు, యాంగిళ్లు, ఛానళ్లు అచ్చట ముఖ్యముగా తయారగు సరకులు.

ఇవి గాక పాత ఇనుమును విద్యుత్తుతో కరగించి కడ్డీలు చేయు చిన్న కర్మాగారములు దేశమంతట కలవు. వానిలో జాగ్రత్తగా చేసిన సరకు మంచిదే. అయితే పాత ఇనుముతో వచ్చు గంధకమును, భాస్వరమును అట్టి కొలిమిలో తీసివేయుట కష్టము. గంధకము హెచ్చినచో ఉక్కు ఎఱ్ఱగా కాచినపుడు పగులును. భాస్వరము హెచ్చినచో చల్లగా నున్నపుడు పెళుసగును. అందుచేతనే భారత ప్రమాణసంస్థ వారు కట్టడములకు వాడు సామాన్యరకపు మెత్తని ఉక్కులో ఈ రెండును ఒక్కొక్కటి నూటికి 0.045 పాళ్లకు మించరాదని నియమించినారు. ఐఎస్‌ఐ గుర్తు చూచి కొనవలెనని చెప్పుటకు కారణమిదియే.

3. ముఖ్యగుణములు

మొదటిది బలము. ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకొలత గల మెత్తని ఉక్కు కడ్డీని రెండువైపుల లాగినచో సుమారు రెండున్నర టన్నుల బరువు వఱకు అది లొంగదు. బరువు తీసివేయగానే మొదటి పొడవునకు వచ్చును. అంతకు మించినచో సాగి, ఆ సాగుడు నిలిచిపోవును. నాలుగు టన్నులు దాటిన పిమ్మటగాని తెగదు.

రెండవది సాగుడు. తెగుటకు ముందు ఇది నూటికి ఇరువది పాళ్లకు పైగా సాగును. అందుచేత మెత్తని ఉక్కు దూలము అధికభారమునకు ముందుగా వంగి హెచ్చరిక చేయును. పోత ఇనుప దూలమైనచో చెప్పకయే విఱుగును. మనుష్యులు తిరుగు కట్టడములకు, వంతెనలకు ఈ గుణము ప్రాణరక్షణ వంటిది.

మూడవది అతుకుడు. వెల్డింగునకు దీనికంటె సులువైన ఉక్కు లేదు. కర్బనము హెచ్చిన ఉక్కును అతికినచో అతుకు ప్రక్కన లోహము త్వరగా చల్లారి గాజువలె గట్టిపడి, కొలది దినములలో అచ్చటనే పగులును. లారీ కమాను పట్టీలను, విఱిగిన రోటవేటరు కత్తులను అతికించి మోసపోయినవారికి ఈ సంగతి అనుభవమే.

నాలుగవది, నీటిలో ముంచినను గట్టిపడకుండుట. ఎఱ్ఱగా కాచి నీటిలో ముంచుటచేత ఉక్కునకు పదును వచ్చుట కర్బనము వలననే. మెత్తని ఉక్కులో అది చాలదు గావున ఎన్నిసార్లు ముంచినను పదును నిలువదు. దీనికి ఒక ఉపాయము కలదు. వస్తువును బొగ్గుపొడిలో పాతి, మూసిన పెట్టెలో కొన్ని గంటలు ఎఱ్ఱగా కాచినచో బొగ్గులోని కర్బనము పైపొరలో దిగును. పిమ్మట నీటిలోనో నూనెలోనో ముంచినచో పైపొర గట్టిగాను, లోపల మెత్తగాను ఉండును. యంత్రముల మేకులు, పండ్లచక్రములు కొన్ని ఇట్లు చేయబడును.

ఐదవది, వేడికి పెరుగుట. ఒక మీటరు ఉక్కు ఒక్కొక్క డిగ్రీ వేడికి మిల్లీమీటరులో నూటికి 1.2 పాళ్ల చొప్పున పెరుగును. ఇది అత్యల్పముగా తోచవచ్చును. కాని బండిచక్రమునకు కట్టు ఎక్కించుటను తలచుకొనుడు. మీటరున్నర అడ్డము గల చక్రమునకు చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. కట్టును 500 డిగ్రీలు వేడిచేసినచో దాని చుట్టుకొలత సుమారు 28 మిల్లీమీటర్లు పెరుగును. చక్రముకంటె చిన్నదిగా చేసిన కట్టు అప్పుడు సులువుగా ఎక్కి, నీళ్లు పోయగానే బిగిసి ఆకులను, పూటీలను ఒక్కటిగా పట్టును. లెక్క తెలియకయే మన పెద్దలు ఈ గుణమును వాడుకొనిరి.

4. పరిశ్రమలలో ఉపయోగములు

కొలిమి వాకిట నుండి మన వాకిటి వఱకు ఈ లోహము పట్టు రూపములు అనేకములు. పలకలుగా సాగదీసినచో ఓడల దేహములు, బాయిలర్లు, నూనెతొట్లు, లారీ తొట్లు అగును. సన్నని రేకుగా చేసినచో మోటారుకార్ల పైభాగములు, పీపాలు, డబ్బాలు అగును. ఆ రేకునకు తగరము పూసినది డబ్బారేకు, జింకు పూసి ముడుతలు పెట్టినది కప్పురేకు. తీగగా లాగినచో మేకులు, ముండ్లతీగ, వలకంచె అగును. యాంగిలు, ఛానలు, దూలము అను రూపములలో వంతెనలకు, షెడ్లకు, విద్యుత్తు స్తంభములకు ఉపయోగపడును. గొట్టములుగా చుట్టినది బోరుబావులకు, కుర్చీలకు, సైకిళ్లకు సైతము పనికివచ్చును.

మన కోవూరు ప్రాంతమున దీని ఉపయోగములు లెక్కపెట్టినచో వరిమిల్లుతో ఆరంభింపవలెను. వడ్లను పైకెత్తు ఎలివేటరు తొట్లు, ఉడుకుబియ్యపు తొట్లు, ఆవిరి గొట్టములు, పొగగొట్టము, షెడ్డు వాసములు ఎక్కువగా మెత్తని ఉక్కువే. పొలములో ట్రాక్టరు ట్రాలీ, దమ్ముచక్రముల చట్రము, గొఱ్ఱు చట్రము, నీటి తూముల తలుపులు ఇట్టివే. పెన్నపై నెల్లూరునందును, సంగమునందును గల పాత ఆనకట్టలు రాతికట్టడములు. 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభింపబడిన క్రొత్త బారేజీలలో నీటిని నిలుపుటకు ఉక్కు తలుపులు కలవు. మన కాలువలకు వచ్చు నీరు నేడు ఉక్కు తలుపుల చాటున నిలుచుచున్నది.

ఇంటి స్లాబులలో వేయు టీఎంటీ కడ్డీని గూర్చి ఒక మాట. పూర్వము వాడిన నునుపు కడ్డీ మెత్తని ఉక్కు. నేటి టీఎంటీ కడ్డీ దాని దాయాదియే గాని అది వేఱు. ఎఱ్ఱగా సాగివచ్చు కడ్డీపై బలమైన నీటిధారలు కొట్టి పైపొరను గట్టిపఱచి, లోపలి భాగమును మెత్తగానే ఉంచుదురు. 500 అను అంకె గల కడ్డీ మెత్తని ఉక్కుకంటె సుమారు రెట్టింపు బరువునకు లొంగును. ఈ బలము నీటిధార వలన వచ్చినది గావున కొలిమిలో ఎఱ్ఱగా కాచి వంచినచో ఆ చోట పోవును. టీఎంటీ కడ్డీని చల్లగానే వంచవలెను.

5. ఎచ్చట వాడరాదు

నేలతో రాపిడి గల చోటను, పదును నిలువవలసిన చోటను మెత్తని ఉక్కు పనికిరాదు. కఱ్ఱు, కొడవలి, గొడ్డలి, మచ్చుకత్తి, గడ్డపార మొన, రోటవేటరు కత్తి, ఇవి గట్టి రకములతో చేయవలసినవి. మన కమ్మరులు పాత లారీ కమాను పట్టీలతో కత్తులు చేయుట ఇందుచేతనే. పార మాత్రము మధ్యస్థము. దాని పిడి బిగించు గూడు మెత్తనిదైనను, అంచు గట్టిదై యుండవలెను.

కావున ఒక పనిముట్టును రెండుగా విభజించి చూచుట నేర్చుకొనవలెను. భారమును మోయు చట్రమొకటి, నేలను కోయు అంచొకటి. చట్రము మెత్తని ఉక్కుతో నుండి, అంచు గట్టి ఉక్కుతో చేసి మేకులతో బిగించియుండుట ఉత్తమమైన పద్ధతి. అంచు అరిగినపుడు అంచును మాత్రమే మార్చుకొనవచ్చును. అంచు గట్టిదో కాదో తెలియుట యెట్లు? దానికి నాలుగు పరీక్షలు కలవు.

6. గుర్తించు పరీక్షలు

అయస్కాంతము ఇచ్చట పనికిరాదు. మెత్తనిది, గట్టిది, పోతది, అన్నియు దానికి అంటును.

నిప్పురవ్వల పరీక్ష: సానచక్రముపై ఆనించినపుడు మెత్తని ఉక్కు పొడవైన, గడ్డిపసుపు వన్నె గల రవ్వల చారలను వెదజల్లును. చివర చీలికలు కొలదిగా నుండును. గట్టి ఉక్కు రవ్వలు టపాకాయలవలె దట్టముగా చిట్లును. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎఱ్ఱగా నుండును. తెలిసిన ముక్కలను రెంటిని ప్రక్కన పెట్టుకొని పోల్చినచో పొరపాటు పడరు.

ఆకురాతి పరీక్ష: కొనదలచిన కఱ్ఱు అంచుపై ఆకురాయితో ఒకసారి గీయుడు. సులువుగా కొఱికి పొడి రాలినచో అది పదునుపెట్టబడని మెత్తని లోహము. ఆకురాయి జాఱిపోయినచో అది గట్టిపఱచబడినది.

ముంచు పరీక్ష: మా ఆచారి చేసి చూపినది. వ్రేలెడు ముక్కను ఎఱ్ఱగా కాచి ముంచి కొట్టవలెను. వంగినచో మెత్తనిది, విఱిగినచో గట్టిది. కొట్టునపుడు కండ్లకు అద్దములు పెట్టుకొనుట మఱువరాదు.

వంపు పరీక్ష: ఇది గేటునకో, చట్రమునకో మెత్తని ఉక్కు కొనువారికి. సన్నని కడ్డీని చల్లగానే పూర్తిగా మడచినచో మంచి మెత్తని ఉక్కు వెలుపలి వంపున పగుళ్లు చూపదు. పగిలినచో ఆ సరకు వలదు.

7. తూకమునకు లెక్క

మెత్తని ఉక్కు ఘనమీటరునకు 7,850 కిలోలు తూగును. దీనినుండి రైతు జ్ఞాపకముంచుకొనదగిన చిన్న సూత్రము వచ్చును. గుండ్రని కడ్డీ లావును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానితోనే గుణించి, 162 చేత భాగించినచో ఒక మీటరు పొడవునకు కిలోలు వచ్చును. టీఎంటీ కడ్డీకిని ఇదియే లెక్క.

ఉదాహరణము: 10 మిల్లీమీటర్ల కడ్డీ. పదిని పదిచేత గుణించిన 100. దానిని 162 చేత భాగించిన 0.617 కిలో. 12 మీటర్ల పొడవు గల కడ్డీ సుమారు 7.4 కిలోలు తూగవలెను. ఇట్లే 8 మిల్లీమీటర్లది 12 మీటర్లకు 4.7 కిలోలు, 12 మిల్లీమీటర్లది 10.7 కిలోలు, 16 మిల్లీమీటర్లది 19 కిలోలు. రేకునకైనచో ఒక మిల్లీమీటరు మందమునకు చదరపు మీటరు 7.85 కిలోలు. 3 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరు సుమారు 23.5 కిలోలు.

కొలది హెచ్చుతగ్గులను ప్రమాణములే అంగీకరించుచున్నవి. అంతకు మించి తగ్గినచో కడ్డీ చెప్పిన లావు లేదని అర్థము. లెక్కపెట్టి కడ్డీల చొప్పున కొనువాడు ఇందు మోసపోవును. తూకముతో కొనువానికి సొమ్ము పోకున్నను, స్లాబులో బలము తగ్గును. గావున కడ్డీలను లెక్కించుటయు, తూచుటయు రెండును చేయవలెను.

8. తుప్పు

మెత్తని ఉక్కునకు గల పెద్దశత్రువు తుప్పు. ఇనుము, నీరు, ప్రాణవాయువు మూడును కలిసినపుడు తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో వేగము హెచ్చును. మనకు తూర్పున సముద్రమున్నది. సముద్రపుగాలిలోని ఉప్పు కంటికి కనబడకయే మన గేట్లపై, కప్పురేకులపై పేరుకొనును. రొయ్యలగుంటలు గల గ్రామములలో నీరే ఉప్పనిది. అట్టి గుంటలలో గాలి కలుపు యంత్రములకు మెత్తని ఉక్కు ఇరుసులు త్వరగా తినివేయబడును. క్రోమియము కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కు మొదట ఖరీదైనను కడకు చౌక.

తుప్పు ఎక్కువగా పట్టు చోట్లు రెండు. నీటి మట్టము గాలిని తాకు గీత ఒకటి, స్తంభము నేలలో దిగు చోటు రెండవది. తూము తలుపులు, గేటు స్తంభములు అచ్చటనే ముందుగా చెడును. స్తంభము చుట్టు నేలకు జానెడెత్తున సిమెంటు గట్టు వేసి, నీరు నిలువకుండ వాలుగా తీర్చవలెను.

రంగు వేయుటకు క్రమము కలదు. తీగబ్రష్షుతోను, గరుకు కాగితముతోను తుప్పును పూర్తిగా గీకి, మంచినీటితో ఉప్పును కడిగి, ఆఱిన పిమ్మట రెడ్డాక్సైడు రెండు పూతలు పూసి, దానిపై రంగు వేయవలెను. తుప్పుపైననే రంగు పూయుట పుండును కడుగక కట్టు కట్టుటయే. మన జిల్లాలో అక్టోబరునుండి డిసెంబరు వఱకు వానలు మెండు గావున ఈ పని సెప్టెంబరులోగా ముగింపవలెను.

జింకుపూత ఇంకను మేలైనది. గీత పడినను జింకు తాను క్షీణించి ఇనుమును కాపాడును. అయితే జింకు రేకును వెల్డింగు చేసినచో ఆ చోట పూత కాలిపోవును. ఆ పొగ పీల్చుట ఆరోగ్యమునకు హానికరము. గాలి యాడు చోట చేయించి, పిమ్మట అతుకుపై రంగు వేయవలెను.

సేద్యములో మూడు జాగ్రత్తలు. పొటాషు ఎరువునందలి క్లోరైడు ఉప్పువంటిదే గావున ఎరువు చల్లు యంత్రమును ఆ దినముననే కడిగి ఆఱబెట్టవలెను. మైలుతుత్తమును ఇనుప పీపాలో కలుపరాదు. అందలి రాగి పీపాకు అంటుకొని మందు బలము తగ్గును, పీపాయు చెడును. ప్లాస్టికు తొట్టిగాని, మట్టి తొట్టిగాని వాడవలెను. దుక్కులు ముగిసిన పిమ్మట కఱ్ఱులను కడిగి వాడిన ఇంజను నూనె పూసి ఉంచినచో మఱుసటి సాగునకు మెఱయుచుండును.

స్లాబులోని కడ్డీని సిమెంటునందలి క్షారగుణము తుప్పునుండి కాపాడును. ఉప్పునీటితో సిమెంటు కలిపినను, ఉప్పుటిసుక వాడినను ఆ రక్షణ పోవును. తుప్పు ఉక్కుకంటె అనేక రెట్లు ఎక్కువ చోటు కోరును గావున లోపలినుండి పెచ్చులు ఊడగొట్టును. కడ్డీలు గల కాంక్రీటులో కలుపు నీటిలో క్లోరైడు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. తీరపు గాలి తగులు కట్టడములలో కడ్డీపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండవలెనని నియమము. బోరునీరు ఉప్పగా నున్న గ్రామములవారు పనికి ముందు నీటిని పరీక్షింపజేయుట మంచిది.

9. సంఘము చేయదగిన పని

ఒక్క రైతు ఒక జత కఱ్ఱులు కొనునపుడు పరీక్షించుటకు వీలుండదు. దుకాణదారుడు ముక్క కోయనీయడు. సంఘము నూఱుమందికి ఒక్కసారి కొనునపుడు మాత్రము ఒక కఱ్ఱును కోసి చూచుట కష్టము కాదు. ఆ ఒక్క కఱ్ఱు వెల నూఱుమందికి పంచిన లెక్కలోనికి రాదు. కావున మన సంఘమున ఈ క్రింది పద్ధతి ఉండవలెనని నా మనవి.

పనిముట్లకు టెండరు పిలుచునపుడు వెల మాత్రమే గాక ఏ రకపు ఉక్కు, అంచు గట్టిపఱచబడినదా అను సంగతి వ్రాతపూర్వకముగా అడుగవలెను. సరకు దిగిన దినమున ఇద్దఱు సభ్యుల ఎదుట కమ్మరిచేత ముంచు పరీక్షయు, ఆకురాతి పరీక్షయు చేయించి పుస్తకములో వ్రాయవలెను. గోదాము పనికి కడ్డీలు వచ్చినపుడు తూచి, సూత్రముతో సరిచూడవలెను. కమ్మరికి ఆ దినపు కూలి ఇచ్చుట దుబారా కాదు. అతని చేతిలోని అనుభవము మన సొమ్మునకు కావలి.

ఆ చౌక కఱ్ఱులను నేను పాఱవేయలేదు. ఆచారి వానిని కాచి సాగదీసి మా గొడ్లసావడి తలుపునకు బందులుగా చేసి యిచ్చెను. నేటికిని అవి వంగలేదు, విఱుగలేదు. తగిన చోటు దొరికినపిమ్మట ఆ లోహము తన పని తాను చేయుచున్నది.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ యింట గల పది ఇనుప వస్తువులను పేర్కొని, అందు మెత్తని ఉక్కువి, గట్టి ఉక్కువి, పోత ఇనుమువి వేఱుచేయుడు.

2. కొడవలిని మెత్తని ఉక్కుతోను, గేటును గట్టి ఉక్కుతోను చేసినచో కలుగు నష్టములేవి?

3. 20 మిల్లీమీటర్ల కడ్డీ 12 మీటర్లకు ఎన్ని కిలోలు తూగవలెను?

4. మీ గ్రామపు తూము తలుపు ఎచ్చట తుప్పుపట్టినది? ఆ చోటనే పట్టుటకు కారణమేమి?

5. మన సంఘము గత సంవత్సరము కొన్న ఇనుప సరకులో పరీక్షించి కొన్నవి ఎన్ని?